జిల్లా రికార్డు గది నుంచి అంతర్జాతీయ ఆర్కైవ్స్ సభకు ఏమి తీసుకువెళ్లాలి?

విజయనగరంలోని ఒక పాత విద్యాసంస్థలో గ్రంథాలయంతో పాటు రికార్డు గది బాధ్యత కూడా చూస్తున్న ఉద్యోగిని అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. పాత రికార్డులను భద్రపరిచే సంస్థల వేదికైన అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి జరిపే సభలకు మన జిల్లాల నుంచి వెళ్లడం వల్ల ఏమైనా ప్రయోజనం ఉందా, వెళితే ఏ అంశం మీద పత్రం సమర్పించాలి, బూజు పట్టిన కట్టలు తప్ప మన దగ్గర చెప్పుకోదగినది ఏముంది అని ఆమె అడిగారు. శ్రీకాకుళం జిల్లాలో రెవెన్యూ రికార్డుల మధ్య ఉద్యోగ జీవితం గడిపి, అటువంటి సభల్లో కూర్చుని విన్నవాడిగా నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

వెళ్లవచ్చు, వెళ్లాలి కూడా. అయితే "వారసత్వ సంపద పరిరక్షణ ఆవశ్యకత" వంటి శీర్షికతో వెళ్లకండి. అటువంటి పత్రాలు ప్రతి సభకూ కుప్పలుగా వస్తాయి; భోజన విరామం తరువాత వాటిని ఎవరూ తలచుకోరు. మీరు కష్టమనుకుంటున్న విషయమే, అంటే ఒకే తాలూకా కాగితాలు నాలుగు జిల్లాల పేర్లతో, రెండు మూడు ఊళ్లలో చెల్లాచెదురుగా ఉండడమే, అక్కడివారు చెవి ఒగ్గి వినే సమస్య. ఎందుకో చెప్పే ముందు ఆ మండలి గురించి కొంత చెప్పాలి.

యునెస్కో పిలుపు మీద 1948 జూన్ 9న పారిస్‌లో ఈ మండలి ఏర్పడింది. 2008 నుంచి జూన్ 9ని అంతర్జాతీయ ఆర్కైవ్స్ దినంగా జరుపుకోవడానికి కారణం అదే. మొదటి మహాసభ 1950లో పారిస్‌లోనే జరిగింది. సాధారణంగా నాలుగేళ్లకు ఒక మహాసభ, మధ్యలో కొంత చిన్న స్థాయి సభలు జరుగుతాయి. ఆసియాలో 1996లో బీజింగ్, 2008లో కౌలాలంపూర్, 2016లో సియోల్ మహాసభకు ఆతిథ్యమిచ్చాయి. అబుదాబిలో 2020లో జరగవలసిన మహాసభ కోవిడ్ వల్ల 2023 అక్టోబరుకు మారింది. 2025 అక్టోబరులో బార్సిలోనాలో మరో సభ జరిగింది. మన దేశం తరఫున జాతీయ ఆర్కైవ్స్ సభ్యత్వం ఉంది. సంస్థలూ వ్యక్తులూ కూడా విడిగా సభ్యులు కావచ్చు. దక్షిణ, పశ్చిమ ఆసియా దేశాల కోసం 1976లో ఏర్పడిన ప్రాంతీయ శాఖ స్వార్బికా కూడా ఉంది. ఖర్చు దృష్ట్యా మీవంటివారు మొదట అటువైపు చూడడం మంచిది.

ఇక అసలు విషయం. ఆర్కైవ్స్ వృత్తికి మూలస్తంభం వంటి సూత్రం ఒకటి ఉంది: ఏ కార్యాలయం కాగితాలను ఆ కార్యాలయం కాగితాలుగానే, అవి పుట్టిన వరుసలోనే ఉంచాలి, ఊరి పేరును బట్టో, అంశాన్ని బట్టో వాటిని విడదీసి మరో కార్యాలయం కాగితాలతో కలపకూడదు. 1841లో ఫ్రెంచి ప్రభుత్వం జారీ చేసిన ఒక సర్క్యులర్ దీనికి రూపమిచ్చింది. 1898లో ముగ్గురు డచ్చి ఆర్కివిస్టులు రాసిన కరదీపిక దీన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. 1910లో బ్రస్సెల్స్‌లో ఆర్కివిస్టులూ గ్రంథాలయాధికారులూ కలిసిన అంతర్జాతీయ సభ దీన్ని ఆమోదించింది. వినడానికి ఇది చాలా తేలికైన సూత్రం. కానీ కార్యాలయమే రద్దయితే, జిల్లాయే రెండు ముక్కలైతే, సరిహద్దే జరిగిపోతే, ఆ కాగితాల సొంతదారు ఎవరు? వలస పాలన నుంచి బయటపడిన దేశాలన్నీ ఈ ప్రశ్నతో ఇప్పటికీ కుస్తీ పడుతున్నాయి. రాజ్యాలు మారినప్పుడు ఆస్తులు, ఆర్కైవ్స్, అప్పుల పంపకం ఎలాగో చెప్పే వియన్నా ఒడంబడిక 1983లోనే సిద్ధమైనా, చాలినన్ని దేశాలు చేరకపోవడం వల్ల నేటికీ అమలులోకి రాలేదు. ఒకటికంటే ఎక్కువ దేశాలకు చెందిన ఆర్కైవ్స్ గురించి ఆలోచించడానికి మండలిలో ఒక నిపుణుల బృందమే ఉంది.

ఇప్పుడు మన సంగతి చూడండి. పార్వతీపురం తాలూకా 1950 ఆగస్టు 15 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ రోజు ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. 1979లో బొబ్బిలి, సాలూరు, చీపురుపల్లి తాలూకాలతో పాటు కొత్తగా ఏర్పడిన విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4 నుంచి తన పేరుతోనే పార్వతీపురం మన్యం జిల్లాకు కేంద్రమైంది. ఒక మనిషి ఇల్లు మారకుండానే నాలుగు జిల్లాల వాడైనట్టు, ఒక్క భూమి తగాదా ఫైలు నాలుగు కలెక్టరేట్ల ముద్రలు మోస్తూ ఉంటుంది. మా వైపు పరిస్థితి మరింత చిక్కు. టెక్కలి, సోంపేట, శ్రీకాకుళం తాలూకాలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం జిల్లాలో ఉండేవి. గంజాం ఒరిస్సాకు పోగా, ఈ తాలూకాలు మద్రాసు రాజధానిలోనే మిగిలి విశాఖపట్నం జిల్లాలో చేరాయి. పర్లాకిమిడి జమీనులో పట్టణం అటు పోయింది, పాతపట్నం వైపు ఊళ్లు ఇటు మిగిలాయి. అందుచేత పాతపట్నం వైపు ఒక గ్రామం చరిత్ర రాయదలచినవారు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో గంజాం జిల్లా కాగితాలు చూడాలి, ఒడిశాలో వెదకాలి, విశాఖలో అడగాలి, ఆ తరువాతే శ్రీకాకుళం రావాలి.

దీనికి తోడు జమీందారీలను రద్దు చేసిన 1948 ఎస్టేట్ల రద్దు చట్టం. ఎస్టేటును స్వాధీనం చేసుకున్నప్పుడు భూమితో పాటు ఖాతాలు, రిజిస్టర్లు, పట్టాలు, ముచ్చిలికలు (రైతులు రాసిచ్చిన ఒప్పంద పత్రాలు), మ్యాపులు కూడా ప్రభుత్వం తీసుకోవాలని ఆ చట్టమే చెప్పింది. అలా జమీందారు దివాణం కచేరీలో ఠాణాల (ఎస్టేటు విభాగాల) వారీగా ఉన్న లెక్కలు సెటిల్‌మెంటు కార్యాలయానికి చేరి, అక్కడ గ్రామాల వారీగా విడిపోయి, పట్టాల విచారణ ఫైళ్ల మధ్యకు వెళ్లాయి. ఆనాటి గుమాస్తాలను తప్పు పట్టలేము. వారికి కావలసినది రైతు పేరు, సర్వే నంబరు మాత్రమే. కానీ ఆ దివాణం ఎలా నడిచిందో, ఏ ఉద్యోగి ఎవరికి లెక్క చెప్పేవాడో తెలిపే వరుస మాత్రం చెదిరిపోయింది. ఈ చెదిరిన వరుసను కాగితాలు కదపకుండా, వివరణ (ఆ కాగితాల గురించి రాసిపెట్టే సమాచారం) ద్వారా తిరిగి ఎలా చూపించవచ్చో చెప్పే పత్రం మీరు రాయగలిగితే దానికి సభలో చోటు దొరుకుతుందని నా నమ్మకం.

దీనికి కావలసిన పనిముట్లు ఆ మండలి వద్దే ఉచితంగా దొరుకుతాయి. ఆర్కైవ్స్ వివరణకు ఐఎస్ఏడీ-జీ అనే ప్రమాణం మొదట 1994లో, సవరించిన ప్రతి 2000లో వచ్చాయి. అందులో 26 అంశాలున్నా, ఆరు మాత్రమే తప్పనిసరి: గుర్తింపు సంఖ్య, శీర్షిక, కాగితాలను సృష్టించిన కార్యాలయం లేదా వ్యక్తి, తేదీలు, పరిమాణం, వివరణ స్థాయి (రాస్తున్నది మొత్తం కాగితాల గురించా, ఒక వరుస గురించా, ఒక్క ఫైలు గురించా అన్నది). ఈ ఆరింటితో మొదలుపెట్టండి. మిగిలిన ఇరవై చూసి భయపడి పని ఆపేసినవారిని చాలామందిని చూశాను. కాగితాలను సృష్టించిన కార్యాలయం గురించి విడిగా రాసుకునే మరో ప్రమాణం కూడా ఉంది. ఒక తాలూకా కచేరీ ఎప్పుడు పుట్టింది, ఏ జిల్లా కింద ఉంది, ఎప్పుడు మారింది అన్న చరిత్రను అక్కడ ఒక్కసారి రాస్తే చాలు. ప్రతి కట్ట దగ్గరా తిరిగి రాయనక్కరలేదు. 2023లో వచ్చిన రికార్డ్స్ ఇన్ కాంటెక్స్ట్స్ అనే కొత్త నమూనా ఇంకా ముందుకు వెళ్లి, ఒకే కాగితానికి అనేక కార్యాలయాలతో, కాలాలతో సంబంధం చూపే వీలు కల్పించింది. పార్వతీపురం వంటి తాలూకాకు కావలసినది సరిగ్గా అదే.

తేదీల దగ్గర కొంత ఆగాలి. మన లెక్కల మీద ఫసలీ సంవత్సరం, అంటే జూలైతో మొదలయ్యే రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలయ్యే క్రీస్తు శకం వస్తుంది; ఫసలీ 1312 అంటే 1902 జూలై నుంచి 1903 జూన్ వరకు. పక్కనే ఉన్న తెలుగు ఉత్తరం మీద "శుభకృత్ సంవత్సరం" అని మాత్రమే ఉంటుంది. అది 1902 ఉగాది నుంచి 1903 ఉగాది వరకు కావచ్చు, అరవై ఏళ్ల చక్రం కాబట్టి 1842 కూడా కావచ్చు; కాగితం రకం, అందులోని అధికారి హోదా, స్టాంపు చూసి తేల్చుకోవాలి. రెండూ 1902వే అనుకున్నా వాటి హద్దులు కలవవు, ఒకటి ఉగాదితోను మరొకటి జూలైతోను మొదలవుతుంది. కాబట్టి తేదీ గడిలో కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసి, దాని పక్కన మీరు లెక్కకట్టిన క్రీస్తు శకపు తేదీల పరిధి ఇవ్వండి, ఊహించినదైతే ఊహ అని చెప్పండి. అంతర్జాతీయ ప్రమాణాల్లో బయటివారు రాసిన ఉదాహరణల్లో ఇటువంటి చిక్కు తక్కువగా కనిపిస్తుంది. మీ పత్రంలో ఒక్క కట్ట తీసుకుని ఈ గడులన్నీ నింపి చూపించండి. పది పేజీల ఉపోద్ఘాతం కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

మరో అంశం కూడా మన కార్యాలయాల్లో పుట్టినదే. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న ప్రశ్న మీద విదేశాల్లో సిద్ధాంత గ్రంథాలున్నాయి. మన జిల్లా కార్యాలయాల్లో మద్రాసు రోజుల నుంచి ఫైలు ముగిసే నాడే దాని ఆయుష్షు నిర్ణయించే పద్ధతి ఉంది: ఆర్ డిస్ అయితే శాశ్వతం, డి డిస్ అయితే పదేళ్లు, కె డిస్ అయితే మూడేళ్లు, ఎల్ డిస్ అయితే ఒక ఏడు. ఆలోచన చాలా గొప్పది. ఆచరణలో గుమాస్తా భయపడి చిల్లర ఫైలును కూడా ఆర్ డిస్ చేస్తాడు, గది నిండిపోతుంది. లేదా తీరిక లేక అన్నింటినీ ఎల్ డిస్ చేస్తాడు, ఒక ఊరి చెరువు చరిత్ర ఏడాదిలో తూకానికి పోతుంది. మీది విద్యాసంస్థ కాబట్టి ఈ అక్షరాలు మీకు వర్తించకపోవచ్చు గానీ, హాజరు పట్టీ ఎన్నాళ్లు, అడ్మిషన్ రిజిస్టరు ఎన్నాళ్లు అని రాతపూర్వకమైన షెడ్యూలు ఒకటి మీ పాలకవర్గం ఆమోదంతో తయారు చేసుకోకుండా ప్రయాణానికి సిద్ధం కావద్దు. సభలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న అది.

తుఫానుల విషయంలో మాత్రం మనం చెప్పవలసినది చాలా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరాన్ని తాకాయి. తిత్లీ తరువాత తడిసిన కట్టలను ఆరబెట్టే పనిలో నేనున్నాను. అప్పుడు చూసినవి ఇవి: నీరు తగిలిన ఎర్ర బస్తా గుడ్డ రంగు వదిలి అంచులన్నీ గులాబీ రంగుకు తిరిగాయి, ట్యాగుల కొసల్లోని ఇనుము తుప్పు పట్టి కాగితాన్ని కొరికింది, ఫౌంటెన్ పెన్ను నీలి రాతలు కరిగి పారితే, టైపు చేసిన కార్బన్ ప్రతులు మాత్రం చెక్కుచెదరలేదు. తడిసిన కట్టను చూడగానే మనవారు చేసే మొదటి పని ముడి విప్పి ఎండలో పరచడం. ఎండకు పైపొర బిగుసుకుపోతుంది, లోపలి పొరలు అతుక్కుంటాయి, నునుపు కాగితమైతే ఇటుకలా మారుతుంది. నీడలో, ఫ్యాను గాలిలో, మధ్య మధ్య తెల్లని అద్దుడు కాగితం పెట్టి, ఆ కాగితాలను మారుస్తూ ఆరబెట్టాలి. బూజు రావడానికి మన ఉక్కలో 48 గంటలు చాలు.

అంత వేగంగా ఆరబెట్టలేనంత తడిసినప్పుడు ఏమి చేయాలన్నది ప్రపంచానికి 1966 నవంబరు 4న ఫ్లోరెన్స్‌ను ముంచిన ఆర్నో వరద తరువాత గట్టిగా తలకెక్కింది. తరువాతి సంవత్సరాల్లో స్థిరపడిన మార్గం గడ్డకట్టించడం: తడి కట్టలను విప్పకుండా, మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో ఉంచితే బూజు ఆగిపోతుంది, మీకు నెలల వ్యవధి దొరుకుతుంది, ఆపైన కొద్ది కొద్దిగా బయటికి తీసి ఆరబెట్టవచ్చు. దానికి విదేశీ యంత్రం అక్కరలేదు. విశాఖ రేవు చుట్టుపక్కల చేపలు, రొయ్యలు నిల్వ చేసే శీతల గిడ్డంగులున్నాయి. అక్టోబరుకు ముందే ఒక గిడ్డంగి యజమానితో మాట్లాడి, విడి గది, ప్లాస్టిక్ క్రేట్లు, అద్దె ఎంత అన్నది కాగితం మీద పెట్టుకోవాలన్నది నా సలహా. (వాసన గురించి అడుగుతారు: క్రేటును పాలిథిన్‌తో మూయండి, కొంత వాసన పట్టినా బూజు కంటే అది నయమే.) తీరప్రాంత దేశాల వారు ఇటువంటి స్థానిక ఏర్పాట్ల గురించి ఆసక్తిగా వింటారు. ఇది మీ రెండవ పత్రానికి అంశం కావచ్చు.

మరమ్మత్తుల గురించి ఒక్క మాట. పాత కాగితాలకు ఇరువైపులా పలుచని సెల్యులోజ్ ఎసిటేట్ పొర పెట్టి, ఎసిటోన్‌తో చేత్తోనే అతికించే పద్ధతిని 1950లలో మన జాతీయ ఆర్కైవ్స్ రూపొందించింది. యంత్రాలు కొనలేని దేశాలకు అది ఎంతో ఉపయోగపడింది. ఈనాడు నిపుణులు వీలైనంతవరకు జపాన్ టిష్యూ (పలుచని గట్టి కాగితం), పిండి జిగురు వైపే మొగ్గుతున్నారు, ఎందుకంటే చేసిన మరమ్మత్తును అవసరమైతే తిరిగి విప్పగలగాలి. బజారులో ధ్రువపత్రాలకు వేసే వేడి ప్లాస్టిక్ లామినేషన్‌ను మాత్రం పాత కాగితం దరిదాపులకు రానివ్వకండి. మీకు ఈ పనిలో శిక్షణ కావాలంటే ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ వారి స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఏడాది డిప్లొమాతో పాటు స్వల్పకాలిక కోర్సులు నడుపుతుంది. సంస్థ మిమ్మల్ని ఒక్కచోటికే పంపగలిగితే, విదేశీ సభ కంటే ముందు అక్కడికి పంపమని అడగండి.

కంప్యూటర్ విషయం త్వరగా చెప్పి ముగిస్తాను. వివరణలు పెట్టుకోవడానికి ఏటమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మండలి చొరవతోనే మొదలైంది, ఐఎస్ఏడీ-జీ గడులు అందులో సిద్ధంగా ఉంటాయి, తెలుగు యూనికోడ్‌లో నింపవచ్చు. వివరణ లేకుండా స్కానింగ్ మొదలుపెట్టకండి. పేరు లేని లక్ష బొమ్మలు బూజు కట్టల కంటే ఏమీ మేలు కాదు.

ప్రయాణపు ఏర్పాట్లకు వస్తే, పత్రాల సారాంశం సభకు చాలా నెలల ముందే పంపాలి, అంగీకారం వచ్చాకే వీసా కోసం ఆహ్వానపు ఉత్తరం అడగాలి. వృత్తిలో కొత్తగా చేరినవారికి మండలి వద్ద కొత్త వృత్తి నిపుణుల కార్యక్రమం, అందులో ఆర్థిక సహాయం ఉన్నాయి. వయసు కాదు, అనుభవమే అక్కడ కొలమానం. మీ సంస్థ ఎయిడెడ్ అయినా ప్రభుత్వానిదైనా విదేశీ ప్రయాణానికి పైఅధికారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. "మీ పత్రం ఎంపికైంది, రుసుము వెంటనే చెల్లించండి" అంటూ మీరు పంపని పత్రానికి వచ్చే ఈమెయిళ్లను నమ్మవద్దు. సభ నిజమా కాదా అన్నది మండలి సొంత ప్రకటనలోనో, జాతీయ ఆర్కైవ్స్ వారిని అడిగో తెలుసుకోండి. అసలు కాగితాన్ని గాని, తాళపత్రాన్ని గాని చూపించడానికి పెట్టెలో పెట్టుకుని వెళ్లకండి. 75 ఏళ్లు దాటిన విలువైన వ్రాతప్రతులు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. ప్రభుత్వం చేతి మీదుగా తప్ప వాటిని దేశం దాటించడానికి వీల్లేదు. ఫొటోలు చాలు. వాటిలో కూడా విద్యార్థుల పేర్లు, కులం, పుట్టిన తేదీ ఉన్న పేజీలుంటే మూసి చూపించండి. 1996లో బీజింగ్‌లో ఆమోదించిన వృత్తి నియమావళి వ్యక్తుల గోప్యతను కాపాడమని ఆర్కివిస్టును ఆదేశిస్తుంది.

ఇంగ్లిషు ధారాళంగా రాదన్న మీ సంకోచం గురించి: మండలి అధికార భాషలు ఇంగ్లిషు, ఫ్రెంచి. వేదిక మీదికి వచ్చేవారిలో చాలామందికి ఆ రెండూ పరాయి భాషలే, కాగితం చూసి నెమ్మదిగా చదివితే ఎవరూ ఏమీ అనుకోరు. మీకు ఇచ్చే పదిహేను ఇరవై నిమిషాల్లో రెండు బొమ్మలు చూపించండి: ఒకటి, గడులు నింపిన ఆ ఒక్క కట్ట, రెండవది, 1936, 1950, 1979, 2022 సరిహద్దులను నాలుగు రంగుల్లో ఒకే కాగితం మీద గీసిన ఉత్తరాంధ్ర మ్యాపు. ఆ మ్యాపు సిద్ధంగా దొరకదు, మీరే గీయించుకోవాలి. 1950 తరువాతి మార్పులకు జిల్లా గెజిట్ నోటిఫికేషన్లలోని తాలూకాల, గ్రామాల జాబితాలు చాలు, 1936 గీతకు మాత్రం ఎగ్మూరులో గంజాం, విశాఖపట్నం జిల్లాల పాత తాలూకా మ్యాపులు అడగవలసి ఉంటుంది.